వేగాన్ని తెలిపే పదాలు

ఒక వస్తువు గాని, ప్రాణి గాని తక్కువ కాలంలో ఎక్కువ దూరం కదలడాన్ని, లేదా ఒక పని తక్కువ కాలంలో పూర్తి కావడాన్ని తెలిపే మాటలను వేగాన్ని తెలిపే పదాలు అనవచ్చును. తెలుగులో వేగం, వడి, త్వర, శీఘ్రం, జోరు, తొందర, పరుగు, ఉరుకు, దౌడు మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. ఆంగ్లంలో ఫాస్ట్, క్విక్, స్పీడ్, ర్యాపిడ్, స్విఫ్ట్, హరీ, రన్, రష్, డాష్ మొదలైన పదాలున్నాయి. నిఘంటువులలో వీటిని ఒకదానికొకటి సమానార్థకాలుగా ఇస్తారు. కాని వాడుకలో ఏ రెండు మాటలూ పూర్తిగా ఒకటి కావు. ఆంగ్లం నుండి తెలుగులోకి, తెలుగు నుండి ఆంగ్లంలోకి అనువదించే విద్యార్థులు ఎక్కువగా పొరపడే పదాలలో ఇవి కూడా ఉన్నాయి. ఈ వ్యాసంలో రెండు భాషల పదాల పుట్టుక, అర్థభేదాలు, గుంటూరు, ప్రకాశం ప్రాంతపు వాడుక, శాస్త్రంలోను చట్టంలోను వీటి స్థానం వివరించబడినవి.

నాలుగు వేర్వేరు భావాలు

వేగానికి సంబంధించిన మాటలలో సామాన్యంగా నాలుగు భావాలు కలిసిపోయి ఉంటాయి.

1. కదలిక రేటు: నిర్ణీత కాలంలో ఎంత దూరం కదిలింది అన్నది. "బండి వేగంగా పోతున్నది."
2. పనికి పట్టే కాలం: పని ఎంత తక్కువ సేపట్లో ముగిసింది అన్నది. "లెక్క చకచకా చేశాడు."
3. ముందుగా జరగడం: అనుకున్న వేళకన్నా ముందే జరగడం. "రేపు పెందలాడే రండి."
4. మనసులోని ఆత్రం: నిలకడ లేకపోవడం. "తొందరపడి మాట ఇచ్చాడు."

ఆంగ్లంలో మొదటిదానికి ఫాస్ట్, రెండవదానికి క్విక్, మూడవదానికి ఎర్లీ, నాలుగవదానికి హేస్టీ అనే పదాలు సరిపోతాయి. తెలుగులో "త్వరగా" అనే ఒక్క మాట మొదటి మూడు భావాలలోను వాడబడుతున్నది. "త్వరగా రా" అన్నప్పుడు వడిగా నడిచి రమ్మని, ఆలస్యం చేయక రమ్మని, పొద్దుండగానే రమ్మని మూడు రకాలుగానూ అర్థం చెప్పుకోవచ్చును. అందువల్లనే తెలుగు విద్యార్థి ఆంగ్లంలో "రేపు తొందరగా రండి" అని చెప్పవలసి వచ్చినప్పుడు ఎర్లీ అనడానికి బదులు ఫాస్ట్ అంటాడు. వినేవారికి అది పరుగెత్తుకుంటూ రమ్మన్నట్లు ఉంటుంది.

పదాల పుట్టుక

అచ్చ తెలుగు మాటలు

పరుగు అనే మాటకు బంధువు పారు అనే ధాతువు. దీని పాత రూపం బండి రతో పాఱు. పూర్వం దీనికి పరుగెత్తు, ప్రవహించు అనే రెండు అర్థాలూ ఉండేవి. నేటి వాడుకలో "ఏరు పారుతున్నది" అన్నప్పుడు ప్రవాహార్థం, "దొంగ పారిపోయాడు" అన్నప్పుడు పరుగు అనే అర్థం నిలిచి ఉన్నాయి. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం రైతులు నిత్యం వాడే "నీటిపారుదల" అనే మాటలోనూ ఈ ధాతువే ఉన్నది. ఆంగ్లంలోని రన్ అనే క్రియ కూడా మనిషి పరుగుకు, నీటి ప్రవాహానికి రెండింటికీ వాడబడడం గమనించదగినది. లాటిన్‌లో పరుగెత్తు అనే అర్థం గల ధాతువు నుండే ప్రవాహాన్ని తెలిపే కరెంట్ అనే పదం వచ్చింది. ఈనాడు తెలుగువారు విద్యుత్తును కరెంటు అంటున్నప్పుడు దూరపు చుట్టరికంగా పరుగు అనే భావాన్నే పలుకుతున్నారు.

ఉరుకు అనే మాటకు దూకు, పరుగెత్తు అనే రెండు అర్థాలున్నాయి. తెలంగాణలో పరుగెత్తడానికి ఇదే సామాన్యమైన మాట. కోస్తా జిల్లాలలో ఇది "ఉరుకులు పరుగులు" వంటి జంటపదంలోను, "ఉరకలు వేయు" వంటి ప్రయోగాలలోను ఎక్కువగా వినబడుతుంది. వడి అనేది వేగానికి అచ్చ తెలుగు పేరు. "వడివడిగా", "వడిగా" అనే రూపాలు నడకకు, నీటికి వాడతారు.

సంస్కృత పదాలు

వేగం, త్వర, శీఘ్రం, క్షిప్రం, సత్వరం, రయం, జవం, ద్రుతం, ఆశు అనేవి సంస్కృతం నుండి వచ్చినవి. వీటిలో కొన్ని తెలుగులో ప్రత్యేక రంగాలకు పరిమితమైనాయి. ద్రుతం సంగీతంలో వేగవంతమైన లయకు పేరు. దానికి వ్యతిరేకం విలంబితం. ఆశు అంటే వెంటనే, వేగంగా అని అర్థం. ముందుగా సిద్ధపడకుండా అప్పటికప్పుడు చెప్పే కవిత్వం ఆశుకవిత్వం. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఈ విద్యలో ప్రసిద్ధి పొందిన కొప్పరపు సోదర కవులు నరసరావుపేట సమీపంలోని కొప్పరం గ్రామానికి చెందినవారు. వేగం కాళ్ళకే కాక మాటకు, బుద్ధికి కూడా గుణమని ఈ పదం తెలుపుతున్నది.

ఉర్దూ, పారశీక పదాలు

దౌడు, జోరు, జల్దీ, పరారీ, ఉడాయించు మొదలైనవి హిందీ, ఉర్దూల ద్వారా వచ్చాయి. దౌడు అంటే పరుగే అయినా తెలుగులో గుర్రాలకు, ఎడ్లకు ఎక్కువగా వాడతారు. జోరు అనే మాటకు పారశీకంలో బలం అని అర్థం. తెలుగులో అది బలంతో కూడిన వేగాన్ని తెలుపుతుంది. "వాన జోరుగా కురుస్తున్నది" అన్నప్పుడు చినుకుల వేగం, ధాటి రెండూ స్ఫురిస్తాయి.

తొందర అనే పదం

తొందర అనే మాట ప్రత్యేకంగా పరిశీలించదగినది. కన్నడంలో తొందరె అంటే ఇబ్బంది. తమిళంలో తొందరవు అంటే ఉపద్రవం, చికాకు. తెలుగులో మాత్రం త్వరపడడం అనే అర్థం ప్రధానమైంది. అయినా పాత అర్థపు ఛాయ పూర్తిగా పోలేదు. "వేగంగా నిర్ణయం తీసుకున్నాడు" అంటే మెచ్చుకోలు కావచ్చును. "తొందరపడి నిర్ణయం తీసుకున్నాడు" అంటే తప్పుపట్టడమే. ఆంగ్లంలో స్పీడీ, హేస్టీ అనే పదాల మధ్య ఉన్న భేదం ఇదే. తొందరపాటు, ఆత్రం, హడావుడి, ఆదరాబాదరా అనే మాటలన్నీ నిందార్థాన్ని కొంతగానో ఎక్కువగానో కలిగి ఉన్నాయి.

ఆంగ్ల పదాల అర్థవికాసం

ఆంగ్లంలో వేగాన్ని తెలిపే ముఖ్య పదాలలో కొన్ని మొదట వేగానికి సంబంధించినవి కావు.

ఫాస్ట్: ప్రాచీన ఆంగ్లంలో దీని అర్థం గట్టిగా, స్థిరంగా అని. రంగు వెలిసిపోని బట్టను గురించి చెప్పేటప్పుడు, గాఢనిద్రను గురించి చెప్పేటప్పుడు ఈ పాత అర్థం నేటికీ కనిపిస్తుంది. దీనికి క్రియావిశేషణ రూపం కూడా ఫాస్ట్ మాత్రమే. చివర లీ చేర్చి ఫాస్ట్‌లీ అనడం తప్పు.

క్విక్: మొదటి అర్థం ప్రాణం గలది, సజీవం అని. ప్రాణం ఉన్నది చురుకుగా కదులుతుంది కనుక వేగార్థం ఏర్పడింది. తెలుగులో చురుకు అనే మాట దీనికి దగ్గరగా ఉంటుంది. కొద్ది సేపట్లో ముగిసే పనికి క్విక్ తగినది. జవాబు క్విక్, కారు ఫాస్ట్.

స్పీడ్: మొదటి అర్థం అభ్యుదయం, కార్యసిద్ధి. ప్రయాణమై వెళ్ళేవారికి శుభం పలికే గాడ్‌స్పీడ్ అనే మాటలో ఈ అర్థం మిగిలి ఉన్నది.

ర్యాపిడ్: లాటిన్‌లో లాగుకొనిపోవు, అపహరించు అనే అర్థం గల ధాతువు నుండి వచ్చింది. వడిగల ఏటి ప్రవాహానికి, వెంటవెంటనే వచ్చే మార్పులకు దీనిని వాడతారు.

స్విఫ్ట్: అనాయాసంగా, సాఫీగా సాగే వేగం. గాలిలో అతివేగంగా ఎగిరే ఒక పక్షిజాతికి ఇదే పేరు.

బ్రిస్క్: ఉత్సాహంతో కూడిన చురుకుదనం. పరుగు కాని వడి నడకకు ఈ విశేషణం వాడతారు.

క్రియలో ఇమిడిన తీరు

ఆంగ్లంలో కదలిక ఎలా జరిగింది అన్న విషయం సాధారణంగా క్రియలోనే ఇమిడి ఉంటుంది. రన్ అంటే పరుగు. స్ప్రింట్ అంటే కొద్ది దూరం మొత్తం శక్తితో పరుగెత్తడం. డాష్ అంటే ఒక్క ఉదుటున పరుగు తీయడం. దీని పాత అర్థం కొట్టు, విసరికొట్టు. డార్ట్ అంటే బాణంలా దూసుకుపోవడం. గ్యాలప్ అంటే గుర్రం దౌడు. స్కర్రీ అంటే ఎలుక వలె చిన్న అడుగులతో పరుగు. ఫ్లీ అంటే ప్రమాదం నుండి పారిపోవడం. హరీ అంటే త్వరపడడం. ఇందులో పరుగు ఉండవలసిన అవసరం లేదు.

తెలుగులో ఎక్కువగా క్రియ పోవడం, రావడం, ఎక్కడం, దిగడం వంటి దిశను తెలుపుతుంది. ఆ కదలిక ఎలా జరిగిందో దాని ముందు వచ్చే మాట చెబుతుంది. ఆంగ్లంలో ఒక్క క్రియతో చెప్పినదానిని తెలుగువారు "పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు", "సరసరా చెట్టెక్కాడు", "చెంగున గోడ దూకాడు" అని రెండు మూడు మాటలలో చెబుతారు. ప్రపంచ భాషలలో కదలికను వర్ణించే తీరు ఈ విధంగా వేరుపడుతుందని అమెరికా భాషాశాస్త్రవేత్త లియొనార్డ్ టాల్మీ 1985లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు.

దీనివల్ల అనువాదకులు గ్రహించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆంగ్ల క్రియకు ఒక్క తెలుగు క్రియనే వెదికితే ప్రతిచోటా "పరుగెత్తాడు" అనే మాటే మిగులుతుంది. తీరును తెలిపే మాటను కూడా చేర్చినప్పుడే మూలంలోని భేదం దక్కుతుంది.

ధ్వన్యనుకరణ పదాలు

తీరును తెలిపే ఈ మాటలలో ఎక్కువ భాగం ధ్వన్యనుకరణ పదాలు. ఒకే మాట రెండుసార్లు వచ్చినప్పుడు రెండవదానిని వ్యాకరణంలో ఆమ్రేడితం అంటారు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చదివిన విద్యార్థులకు ఈ పేరు పరిచితమే. ఇటువంటి పదాలు ద్రావిడ భాషలలోనే కాక భారతదేశంలోని ఇతర భాషాకుటుంబాలలోనూ విస్తారంగా ఉన్నాయని ఎం.బి. ఎమెనో 1969లో ప్రకటించిన వ్యాసంలో చూపారు. వేగానికి సంబంధించిన కొన్ని పదాలు:

* గబగబ: ఆగకుండా, కొంత ఆత్రంగా. నడకకు, తిండికి, పనికి వాడతారు.
* చకచక: నేర్పుతో కూడిన వేగం. ఇందులో మెప్పు ఉన్నది.
* బిరబిర: వడిగా పడే అడుగులు, పారే నీరు.
* సరసర: అడ్డం లేకుండా జారిపోయే కదలిక. పాము పాకడానికి, చెట్టు ఎక్కడానికి వాడతారు.
* గునగున: చిన్న పిల్లల చిట్టి అడుగుల పరుగు.
* రివ్వున: గాలిని చీల్చుకుంటూ పోయే పక్షి, రాయి.
* తుర్రున: పిచ్చుక ఎగిరిపోవడం. చెప్పకుండా జారుకొన్న మనిషికి కూడా వర్తిస్తుంది.
* చెంగున: లేడి, లేగదూడ గెంతు.
* హుటాహుటిన: అవసరం ముంచుకొచ్చినప్పుడు బయలుదేరడం. వార్తాపత్రికలలో ఎక్కువగా కనిపిస్తుంది.

వీటిలో ఒక క్రమం ఉన్నది. గబగబ, చకచక వంటి జంట రూపాలు కొంతసేపు సాగే వేగాన్ని తెలుపుతాయి. గబుక్కున, చటుక్కున, ఠక్కున వంటి ఒంటి రూపాలు ఒక్క క్షణంలో ముగిసే పనిని తెలుపుతాయి. "గబగబా లేచాడు" అనడంకన్నా "గబుక్కున లేచాడు" అనడం సహజం. "గబుక్కున అన్నం తిన్నాడు" అని ఎవరూ అనరు.

ఈ పదాలను కొందరు కేవలం వాడుక మాటలుగా భావించి పరీక్షా పత్రాలలో, వ్యాసాలలో విడిచిపెడతారు. కాని ఆంగ్ల క్రియలలోని సూక్ష్మభేదాలను తెలుగులో తేగలిగినవి ముఖ్యంగా ఇవే. వీటిని వదులుకుంటే "వేగంగా" అనే ఒక్క మాటతోనే అన్నీ చెప్పవలసి వస్తుంది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో వాడుక

ఒంగోలులో జన్మించిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి (1928-2012) తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. గుంటూరు మధ్య మండలానికి చెందుతుంది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి కొన్ని తాలూకాలను వేరుచేసి ఒంగోలు జిల్లాను ఏర్పరచారు. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. అందుచేత ఇక్కడ మధ్య, దక్షిణ మండలాల మాట తీరు కలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడినవి. అయితే మాండలికానికి జిల్లా సరిహద్దులతో పని లేదు.

ఉత్తరాంధ్రలో "బేగి రా" అన్నచోట, తెలంగాణలో "జల్ది రా" అన్నచోట ఈ ప్రాంతంలో "తొందరగా రా", "త్వరగా రా" అంటారు. బేగి అనేది వేగం అనే పదానికి మారిన రూపమే. పొద్దున్నే గాని, చీకటి పడకముందే గాని రమ్మనడానికి "పెందలాడే" అనే మాట ఉన్నది. ఆంగ్లంలోని ఎర్లీ అనే పదానికి ఇది చక్కగా సరిపోతుంది.

కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం (1962) వ్యవసాయ పదాలకు సంబంధించినది. వ్యవసాయంలో వేగాన్ని తెలిపే పదాల భేదం ఎంత అవసరమో మిరప సాగులో తెలుస్తుంది. పండిన కాయను త్వరగా కోయాలి. తొందరపడి కోస్తే పచ్చికాయ కలుస్తుంది. కూలీలు చకచకా కోస్తే పని సాగినట్లు. హడావుడిగా కోస్తే కొమ్మలు విరుగుతాయి. కోసిన కాయలను కల్లంలో ఎండబెట్టినప్పుడు మబ్బు పడితే గబగబా పట్టాలు కప్పవలసి ఉంటుంది. అక్కడ ఆలస్యమైతే కాయ తడిసి రంగు పోయి తాలుగా మారుతుంది. తాలు కాయకు ధర తక్కువ. ఈ వాక్యాలలో త్వరగా, తొందరపడి, చకచకా, హడావుడిగా, గబగబా అనే మాటలను ఒకదాని స్థానంలో మరొకటి పెడితే అర్థం మారిపోతుంది.

ఒంగోలు జాతి ఎడ్లతో జరిపే బండలాగుడు పోటీలు ఈ ప్రాంతంలో ప్రసిద్ధి చెందినవి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని ఎడ్ల పళ్ళనుబట్టి విభాగాలు చేస్తారు. నిర్ణీత సమయంలో బరువైన బండను ఎక్కువ దూరం లాగిన జత గెలుస్తుంది. కేవలం వేగం ఉంటే చాలదు, కేవలం బలం ఉన్నా చాలదు. రెండూ కలిసిన జోరు కావాలి. బరువు లేని బండితో పోయే ఎడ్లకు దౌడు అనే మాట తగును. బండ లాగే ఎడ్లకు జోరు అనే మాట తగును.

భౌతిక శాస్త్రంలో

వ్యవహారంలో వడి, వేగం పర్యాయపదాలు. తెలుగు మాధ్యమ భౌతిక శాస్త్ర పాఠ్యపుస్తకాలలో మాత్రం ఇవి వేరు. ఆంగ్లంలోని స్పీడ్‌కు వడి అని, వెలాసిటీకి వేగం అని స్థిరపరచారు. వడికి పరిమాణం మాత్రమే ఉంటుంది. వేగానికి పరిమాణంతో పాటు దిశ కూడా ఉంటుంది. వేగంలో వచ్చే మార్పు రేటును త్వరణం అంటారు. ఇది త్వర నుండి ఏర్పడిన పదం.

పై బండలాగుడు పోటీతోనే దీనిని వివరించవచ్చును. 100 మీటర్ల బాటపై ఒక జత 10 నిమిషాలలో అటు ఐదుసార్లు, ఇటు ఐదుసార్లు బండను లాగి బయలుదేరిన చోటికే చేరిందనుకుందాం. అవి నడిచిన దూరం 1000 మీటర్లు. కాబట్టి సరాసరి వడి నిమిషానికి 100 మీటర్లు. కాని బయలుదేరిన చోటికే వచ్చాయి కనుక స్థానభ్రంశం సున్న. అందువల్ల సరాసరి వేగం కూడా సున్న. పోటీలో కొలిచేది దూరాన్ని, స్థానభ్రంశాన్ని కాదు. వడి, వేగం ఒకటే అనుకున్న విద్యార్థి ఈ లెక్కలో తప్పు చేస్తాడు.

రహదారి, చట్టం

చెన్నై, కోల్‌కతా నగరాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా పోతుంది. రోడ్డు ప్రమాదాల వార్తలలో "అతివేగం, నిర్లక్ష్యం" అనే మాటలు జంటగా వస్తాయి. చట్టం దృష్టిలో ఇవి రెండు వేర్వేరు విషయాలు. మోటారు వాహనాల చట్టం (1988) 112వ సెక్షను వేగ పరిమితులను, 183వ సెక్షను వాటిని మీరినందుకు శిక్షను చెబుతాయి. ప్రాణాపాయం కలిగేటట్లు దుడుకుగా గాని, నిర్లక్ష్యంగా గాని నడపడం వేరే నేరం. ఇది భారత శిక్షాస్మృతిలో 279వ సెక్షనుగా ఉండేది. 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షను అయినది.

ఇక్కడ వాడే ఆంగ్ల పదం ర్యాష్. దీని అర్థం ముందు వెనుకలు చూడని దుడుకుతనం. దీనిని రష్ అనే పదంతో కలిపి పొరబడరాదు. ర్యాష్ డ్రైవింగ్‌ను "వేగంగా నడపడం" అని అనువదిస్తే చట్టంలోని భావం తప్పిపోతుంది. పరిమితికి లోబడిన వడితో పోతూ కూడా దుడుకుగా నడపవచ్చును.

తెలుగులో కొత్త అర్థాలు పొందిన ఆంగ్ల పదాలు

ఆంగ్ల పదాలు తెలుగులోకి వచ్చిన తరువాత కొన్నింటి అర్థం మారింది. రష్ అంటే ఆంగ్లంలో ప్రధానంగా వేగంగా దూసుకుపోవడం. తెలుగులో "బస్సు రష్‌గా ఉంది" అంటే జనం కిక్కిరిసి ఉన్నారని అర్థం. స్పీడు అనే మాట మనిషి స్వభావానికి కూడా వాడుతున్నారు. "వాడు మంచి స్పీడు మీదున్నాడు" అంటే ఉత్సాహంతో ఉన్నాడని. రైల్వే భాషలో సూపర్‌ఫాస్ట్ అనేది కేవలం పొగడ్త కాదు. బ్రాడ్‌గేజిపై సరాసరి వడి గంటకు కనీసం 55 కిలోమీటర్లు ఉన్న రైలుకు ఇచ్చే హోదా. క్రికెట్ ఆటలో రన్‌కు పరుగు అనే అనువాదం పత్రికలలో స్థిరపడింది. బంతి బౌండరీ దాటినప్పుడు బ్యాట్స్‌మన్ కదలకుండానే నాలుగు "పరుగులు" చేస్తాడు. ఇక్కడ పరుగు అనేది కదలిక కాదు, లెక్క.

సామెతలు

తెలుగు సామెతలు త్వర విషయంలో రెండు పక్షాలూ చెబుతాయి. "పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు", "నిదానమే ప్రధానం" అనేవి తొందరను నిరసిస్తాయి. "ఆలస్యం అమృతం విషం" అనేది జాగును నిరసిస్తుంది. వీటిలో వైరుధ్యం ఉన్నట్లు కనిపించినా నిజానికి లేదు. మొదటి రెండూ మనసులోని ఆత్రాన్ని గురించి చెప్పినవి. మూడవది చేయవలసిన పనిని వేళకు చేయడం గురించి చెప్పినది. తొందర వేరు, త్వర వేరు అన్న భేదాన్ని నిఘంటువులు స్పష్టంగా చూపకపోయినా సామెతలు చూపుతున్నాయి.